పాస్‌పోర్టు చెప్పనిది గుర్రపుశాల చెప్పాలి

నెదర్లాండ్స్‌లో పెరట్లో ఒకే ఒక్క పోనీని ముద్దుగా పెంచుకునేవారు సైతం ఇవాళ ఆ పెరటిని ప్రభుత్వం దగ్గర నమోదు చేయించి, యూబీఎన్ అనే నంబరు తీసుకోవాలి. యూరోపియన్ యూనియన్ పశు ఆరోగ్య చట్టం 2021 ఏప్రిల్ 21న అమల్లోకి రావడంతో ఈ బాధ్యత వచ్చింది. చాలామంది యజమానులకు ఇది అనవసరపు తలనొప్పిగా తోచింది. గుర్రానికి పాస్‌పోర్టు ఉంది, 2009 జూలై తర్వాత పుట్టినదైతే మెడలో మైక్రోచిప్పూ ఉంది, ఇంకేం కావాలన్నది వారి ప్రశ్న. అయితే ఆ చిప్‌లో ఉండేది 15 అంకెల సంఖ్య మాత్రమే. స్కానర్ దగ్గర పెడితే అది ఏ గుర్రమో తెలుస్తుంది. ఎక్కడ ఉంటోందో, పక్కన ఏ గుర్రాలున్నాయో తెలియదు. అంటురోగం వచ్చిన రోజున పశువైద్యుడికి ముందుగా కావలసింది ఆ రెండో సమాచారమే.

2021 ఫిబ్రవరిలో స్పెయిన్‌లోని వాలెన్సియా పోటీల్లో గుర్రాలకు హెర్పిస్ వైరస్ సోకింది. సంగతి బయటపడేలోపే కొన్ని గుర్రాలు తమ దేశాలకు బయల్దేరాయి. జబ్బు సరిహద్దులు దాటింది, గుర్రాలు చనిపోయాయి. అక్కడ పాల్గొన్న గుర్రాల పేర్లు అంతర్జాతీయ అశ్వక్రీడా సమాఖ్య డేటాబేస్‌లో ఉన్నాయి కాబట్టి వాటిని మరో పోటీకి వెళ్లకుండా ఆపగలిగారు. కానీ అలాంటి గుర్రం ఒకటి ఇంటికి చేరాక, పక్క గదిలో గడ్డి మేసే ముసలి పోనీ పేరు ఏ క్రీడా జాబితాలోనూ ఉండదు. దాని ఆచూకీ చెప్పగలిగేది గుర్రపుశాల నమోదు ఒక్కటే. నా పోనీ పోటీలకు వెళ్లదు కదా అనే యజమానికి నా జవాబు ఇదే. జబ్బు దాన్ని వెతుక్కుంటూ వస్తుంది.

మోసగాళ్లు కాగితాలు దొంగవి సృష్టిస్తారు, నిజాయతీపరులే ఇబ్బంది పడతారన్నది ఇంతకంటే బలమైన అభ్యంతరం. 2013 జనవరిలో ఐర్లండ్ ఆహార భద్రతా సంస్థ గొడ్డుమాంసం బర్గర్లలో గుర్రపుమాంసం ఆనవాళ్లు బయటపెట్టినప్పుడు పాస్‌పోర్టుల బలహీనత అందరికీ కనిపించింది. నొప్పికి వాడే ఫినైల్‌బ్యుటాజోన్ ఇచ్చిన గుర్రాన్ని తర్వాత ఎప్పటికీ మాంసానికి పంపకూడదు. ఆ సంగతి పాస్‌పోర్టులో రాయాలి. ఒక్క పుస్తకంలోనే రాసి ఉన్న మాటను మార్చడం తేలిక. బ్రిటన్ అంతకు కొద్ది నెలల ముందే, 2012లో, తన జాతీయ అశ్వ డేటాబేస్‌ను మూసేసింది. తర్వాత కొత్తది కట్టుకుంది. 2020 అక్టోబరు నుంచి ఇంగ్లండ్‌లో అన్ని వయసుల గుర్రాలకూ చిప్ తప్పనిసరి చేసింది. పాస్‌పోర్టు, చిప్, కేంద్ర డేటాబేస్, గుర్రపుశాల నమోదు నాలుగూ ఒకే మాట చెప్పాలంటే మోసగాడు నాలుగు చోట్ల అబద్ధమాడాలి.

యూరోపియన్ యూనియన్ నిబంధనల్లో లోపం లేదనను. గుర్రం 30 రోజులకు మించకుండా మరోచోట ఉంటే ఆ మార్పును కేంద్ర డేటాబేస్‌కు తెలపక్కర్లేదు. పోటీలకైతే ఆ వెసులుబాటు 90 రోజులు. అంటే వాలెన్సియా లాంటి చోట, ఎక్కువ గుర్రాలు కలిసే చోటే, కేంద్ర రికార్డు మౌనంగా ఉండగలదు. పెరటి పోనీ యజమానిని నంబరు అడిగిన ప్రభుత్వాలు, ఏ గుర్రం ఏ రోజు వచ్చిందో, ఏ రోజు వెళ్లిందో పోటీ నిర్వాహకులనూ అంతే గట్టిగా అడగాలి.