పనిగదిలో పచ్చని కుండీలు

గృహమే కార్యాలయమైన కాలమిది. 2020 మార్చిలో దేశమంతటా లాక్‌డౌన్ విధించినపుడు తాత్కాలికంగా మొదలైన ఏర్పాటు, చాలామంది ఉద్యోగులకు వారంలో కొన్ని రోజులైనా స్థిరపడిపోయింది. ఒకప్పుడు అతిథులకో, పాతసామానుకో కేటాయించిన గది నేడు ఒక బల్ల, ఒక కుర్చీ, ఒక కంప్యూటరుతో కార్యాలయంగా రూపాంతరం చెందింది. ఉదయం అందులో ప్రవేశించినవారు రాత్రి భోజనవేళకు గాని వెలుపలికి రారు. మెడనొప్పి, కళ్ళమంట, తలభారం, మలబద్ధకం, నిద్రలేమి కలగలిపి చెప్పుకొనేవారు మునుపటికంటె ఎక్కువగా నా వద్దకు వస్తున్నారు. మందుచీటీ తీసుకొని లేవబోతూ వారిలో చాలామంది అడిగే ప్రశ్న ఒకటుంది: "గదిలో మొక్కలు పెట్టుకుంటే గాలి శుభ్రమవుతుందట గదండీ, ఏ మొక్కలు పెట్టుకోమంటారు?"

ఈ ప్రశ్నకు ఒకప్పుడు నేను ఎంతో ఉత్సాహంగా సమాధానం చెప్పేవాణ్ణి. ఇప్పుడు కొంచెం ఆగి చెబుతున్నాను. అందుకు కారణం మా యింటనే జరిగింది.

మా చిన్నవాడు హైదరాబాదులో కంప్యూటరు ఉద్యోగి. 2020 వేసవిలో అపార్టుమెంటులోని ఒక చిన్నగదిలో తలుపులు బిగించుకొని పనిచేస్తున్నాడని తెలిసి, నేనే పట్టుబట్టి 14 కుండీలు పెట్టించాను. మనీప్లాంటు, అరేకా పామ్, కలబంద, తులసి, సరస్వతీ ఆకు, ఇంకా పేరు తెలియని విదేశీ మొక్కలు రెండు మూడు. నెలరోజులు అందరం సంతోషించాము. వర్షాకాలం వచ్చింది. ఉదయం బల్లముందు కూర్చున్న అరగంటకే వాడికి తుమ్ములు, ముక్కుకారడం, రాత్రి దగ్గు మొదలయ్యాయి. చిన్నప్పుడు ఉబ్బస లక్షణాలున్న పిల్లవాడే. అయినా నేను ఋతుసంధి అనుకొని త్రికటుచూర్ణం, తేనె చెప్పి ఊరుకున్నాను. మూడు వారాలకు ఆయాసం కూడ తోడైంది. చివరకు అసలు సంగతి కనిపెట్టినది మా కోడలు. ఫోనులో, "మామయ్యగారూ, మీరు ఏమీ అనుకోనంటే ఒక మాట. మీ అబ్బాయి రెండురోజులు హాల్లో కూర్చుంటే దగ్గు లేదు. గదిలోకి వెళితే వస్తోంది. కుండీల మట్టిమీద తెల్లగా బూజు పట్టి ఉంది" అన్నది. కుండీలన్నీ బాల్కనీలోకి చేర్చి, గది కడిగి, కిటికీలు తెరచిన తరువాత వారంరోజులలో వాడు తేరుకున్నాడు. ఛాతీవైద్యుడు కూడ ఆ కారణమే సంభావ్యమన్నారు.

మొక్క మేలు చేస్తుందన్న నమ్మకంతో రోగిని చూడటం మరచిపోయాను. ఆ తరువాత ఈ విషయమై కొంత శ్రద్ధగా చదివాను.

ఇంటిమొక్కలు గాలిని శుద్ధి చేస్తాయన్న ప్రచారానికి మూలం చాలవరకు 1989లో అమెరికా అంతరిక్షసంస్థ నాసా వెలువరించిన ఒక నివేదిక. వోల్వర్టన్ అనే శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు, గాలి చొరబడని చిన్న పెట్టెలలో మొక్కలనుంచి బెంజీన్, ఫార్మాల్డిహైడ్, ట్రైక్లోరోఎథిలీన్ అనే వాయువులను ప్రవేశపెట్టి, అవి క్రమంగా తగ్గడం గమనించారు. ఆ పరిశోధనలో అసత్యమేమీ లేదు. కాని మన గది మూతపెట్టిన పెట్టె కాదు. తలుపుసందులలోనుంచి, కిటికీలలోనుంచి గాలి నిరంతరం మారుతూనే ఉంటుంది. 2019లో డ్రెక్సెల్ విశ్వవిద్యాలయానికి చెందిన కమింగ్స్, వేరింగ్ అనేవారు అప్పటివరకు జరిగిన ఇటువంటి ప్రయోగాలన్నిటిని పునఃపరిశీలించి లెక్కకట్టారు. సాధారణంగా ఇంటిలో జరిగే గాలిమార్పిడికి సమానమైన శుద్ధి మొక్కలవల్ల జరగాలంటే చదరపు మీటరుకు కనీసం 10, కొన్ని సందర్భాలలో 1000 వరకు మొక్కలు కావలసివస్తాయట. 10 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పుగల గదికి తక్కువలో తక్కువ 90 పైచిలుకు కుండీలన్నమాట! అప్పుడు బల్ల వేసుకొనడానికి చోటెక్కడ? గాలి శుభ్రపడాలని కోరుకొనేవారు ముందు కిటికీ తెరవాలి. ఎదురెదురుగా రెండు తెరవగలిగితే మరీ మంచిది.

అదేవిధంగా, రాత్రివేళ మొక్కలు విషవాయువు విడుస్తాయి గనుక గదిలో ఉంచరాదన్న భయం కూడ నిరాధారమే. మనిషి ఒక రోజులో విడిచే బొగ్గుపులుసు గాలి సుమారు ఒక కిలో బరువుంటుంది; నాలుగు కుండీలు విడిచేది దానిముందు లెక్కలోనిది కాదు. కలబంద, సన్సివేరియావంటివి రాత్రిపూట ఆ వాయువును పీల్చుకొనే మాట నిజమే గాని, ఆ పరిమాణమూ స్వల్పమే.

అయితే మొక్కలవల్ల ప్రయోజనమే లేదా? ఉన్నది. అది ముక్కుద్వారాకంటె కంటిద్వారా ఎక్కువగా కలుగుతుంది.

రోగకారణాలలో అసాత్మ్యేంద్రియార్థ సంయోగాన్ని చరకుడు ప్రముఖంగా పేర్కొన్నాడు. ఇంద్రియాన్ని దాని విషయంతో మితిమీరి కలపడం అతియోగం, అసలు కలపకపోవడం అయోగం, వికృతంగా కలపడం మిథ్యాయోగం. కంప్యూటరు ముందు కూర్చున్నవాని నేత్రాలను గమనించండి. వెలిగే తెరను ఎడతెగక చూడటం అతియోగం. దూరవస్తువును రోజంతా చూడకపోవడం అయోగం. మరీ దగ్గరగా, తప్పుడు కోణంలో చూడటం మిథ్యాయోగం. మూడు దోషాలూ ఒకే కుర్చీలో లభిస్తున్నాయి! తెరను తదేకంగా చూస్తున్నపుడు రెప్పపాటు బాగా తగ్గుతుందని నేటి నేత్రవైద్యులు చెబుతున్నారు. కంటితడి ఆరిపోవడానికి అదొక ముఖ్యకారణం. ప్రతి 20 నిమిషాలకు ఒకసారి 20 అడుగుల దూరంలోని వస్తువును 20 సెకండ్లపాటు చూడమని వారు సలహా ఇస్తారు. మన పనిగది పొడవే 12 అడుగులు దాటదు. కనుక ఆ చూపు కిటికీ దాటి పోవాలి. బాల్కనీలోనో, ఎదుటి మేడపిట్టగోడమీదనో ఒక పచ్చని మొక్క ఉంటే కన్ను తనంతతానుగా అక్కడికి వెళుతుంది. ఖాళీగోడను చూడమంటే ఎవరూ చూడరు.

పచ్చదనం చూపుకే గాక మనస్సుకు కూడ మేలు చేస్తుందనడానికి 1984లో రోజర్ ఉల్రిచ్ "సైన్స్" పత్రికలో ప్రచురించిన పరిశీలనను తరచుగా ఉదహరిస్తారు. పెన్సిల్వేనియాలోని ఒక ఆస్పత్రిలో పిత్తాశయ శస్త్రచికిత్స జరిగిన రోగులలో, కిటికీనుంచి చెట్లు కనిపించిన 23 మంది, ఇటుకగోడ కనిపించిన 23 మందికంటె ముందుగా ఇంటికి వెళ్ళారు. తీవ్రమైన నొప్పిమందుల అవసరం కూడ వారికి తక్కువగా కలిగింది. అవి కుండీలు కాదు, చెట్లు. రోగుల సంఖ్య కూడ చిన్నదే. అయినా దిశ తెలుస్తున్నది.

ఇక మూడవ లాభం అందరికంటె సోమరులకు ఎక్కువ. మొక్క ఉన్నచోట మనిషి లేవక తప్పదు. చెంబు తీసుకొని బాల్కనీవరకు నడవాలి, ఎండుటాకు గిల్లాలి, కుండీ తిప్పాలి. కూర్చున్నచోటనే ఉండి మలమూత్రవేగాలను సైతం ఆపుకొనే ఉద్యోగులను నేనెరుగుదును. వేగధారణం ఎన్ని రోగాలకు మూలమో ఆయుర్వేదం ప్రత్యేకాధ్యాయంగా చెప్పింది. గంటకొకసారి మొక్కకోసం లేచినవాడు తనకోసం కూడ లేచినట్లే.

మొక్కలను చంపేది సాధారణంగా నీటికరవు కాదు, నీటిప్రేమ. వరాహమిహిరుడు బృహత్సంహితలోని వృక్షాయుర్వేదాధ్యాయంలో, నాటిన మొక్కకు గ్రీష్మంలో ఉదయసాయంకాలాలు, శీతకాలంలో దినం విడిచి దినం, వర్షర్తువులో నేల ఎండినపుడు మాత్రమే నీరు పోయాలన్నాడు. ఇది ఆరుబయట నాటినవాటి మాట. నీడపట్టున, గాలి ఆడని గదిలో ఉన్న కుండీకి అంతకంటె చాల తక్కువ చాలు. వేలు ఒక అంగుళం లోతుకు మట్టిలో దించి చూడండి. తడి తగిలితే ఆ రోజు నీరు అక్కరలేదు. మా వాడు రోజుకు రెండుపూటలు పోశాడు, నేను పొయ్యమన్నాను గనుక.

మట్టి కూడ ముఖ్యమే. నర్సరీలలో వేళ్ళచుట్టూ బంకమట్టి ముద్ద ఉన్న మొక్కలు కొన్ని దొరుకుతాయి. అటువంటిది ఇంటికి తెచ్చిన కొద్దిరోజులకు, ఎర్రమట్టి, బాగా మాగిన పశువులఎరువు, కొబ్బరిపీచు పొట్టు, కొంచెం ఇసుక కలిపిన మిశ్రమంలోకి మార్చుకోవాలి. గుప్పెడు వేపపిండి చేర్చితే మంచిది. కుండీ అడుగున చిల్లు ఉండి తీరాలి. మట్టిపై నల్లని చిన్న ఈగలు లేస్తుంటే పైపొరను ఎండనివ్వండి. బూజు కనిపిస్తే ఆ పొర తీసివేసి కుండీని బయటికి మార్చండి. ఉబ్బసం, తుమ్ములజబ్బు ఉన్నవారు కుండీలను గదిలో కాక కిటికీవెలుపల ఉంచుకొనడమే శ్రేయస్కరం.

నీరు ఏది పోయాలన్నది నగరాలలో చిన్న సమస్య కాదు. నీటిశుద్ధియంత్రం విసర్జించే నీటిలో లవణాలు అధికంగా ఉంటాయి. అది కుండీలకు పనికిరాదు. ఎయిర్‌కండిషనరు గొట్టంనుంచి కారే నీటిలో లవణాలు దాదాపు ఉండవు గనుక బకెట్టులో పట్టి వాడుకోవచ్చు. సురపాలుని వృక్షాయుర్వేదం 1996లో సికింద్రాబాదులోని ఏషియన్ అగ్రిహిస్టరీ ఫౌండేషన్ వారి ద్వారా ఆంగ్లానువాదంతో వెలువడిన తరువాత కుణపజలం పేరు బాగా వినబడుతున్నది. మాంసం, కొవ్వు ఉడికించి పులియబెట్టే ఆ ఎరువు తోటలకు మేలైనదే కావచ్చు. మూడుగదుల యింటిలో మాత్రం దయచేసి ప్రయత్నించకండి, ఇరుగుపొరుగువారి స్నేహం పోతుంది.

కుండీకింద ప్లేటులో నిలిచిన మంచినీరు డెంగీదోమకు పుట్టిల్లు. గుడ్డు దోమగా మారడానికి 7 నుంచి 10 రోజులు చాలు. గుడ్లు ప్లేటు అంచుకు అంటుకొని, నీరు ఎండినా నెలల తరబడి బ్రతికి ఉంటాయి. అందుచేత నీరు పారబోస్తే సరిపోదు, వారానికొకసారి పీచుతో తోమాలి. నీటిసీసాలో పెంచే మనీప్లాంటుకు కూడ ఇదే నియమం.

ఏ మొక్కలు? వెలుగును బట్టి నిర్ణయించుకోండి. కిటికీనుంచి ఆరేడు అడుగులు జరిగితే, మన కంటికి తెలియదు గాని, వెలుగు బాగా పడిపోతుంది. అటువంటి మూలకు సన్సివేరియా, మనీప్లాంటు ఓర్చుకొంటాయి. తులసిని అక్కడ పెట్టి నెలలో చంపినవారెందరో! తులసికి రోజుకు కనీసం నాలుగైదు గంటల ఎండ కావాలి. తూర్పు బాల్కనీ దాని స్థానం. కలబందకు కూడ వెలుగు ఇష్టం. దాని ఆకు కోయగానే కారే పసుపుపచ్చని జిగురే ముసాంబరానికి మూలం, తీవ్రవిరేచనకారి. ఆకును నిలబెట్టి అది కారిపోయాకనే లోపలి గుజ్జు చర్మానికి వాడాలి; గర్భిణులు లోపలికి తీసుకోరాదు. వామాకు ఒక్క కొమ్మ గుచ్చితే బ్రతుకుతుంది. కఫం పట్టినపుడు రెండు ఆకులు సెగకు వాడ్చి రసం పిండి, అరచెంచా తేనెతో పెద్దలు పుచ్చుకోవచ్చు. సాయంత్రం నాలుగింటి కాఫీకి బదులుగా నిమ్మగడ్డి, పుదీనా వేసి మరిగించిన కషాయం నిద్ర చెడగొట్టదు.

పిల్లలున్న యిళ్ళలో ఒక హెచ్చరిక. డిఫెన్‌బేకియా ఆకు నమిలితే నోరు, నాలుక వాచి మంటపుడతాయి. మనీప్లాంటుకు కూడ ఆ గుణం కొంత ఉన్నది. గన్నేరు గుండెకు విషం. ఇవి పసివారికి, పెంపుడు జంతువులకు అందరాదు.

మా వాని గదిలో ఇప్పుడు బల్లకు ఎడమప్రక్కన ఒక సన్సివేరియా మాత్రమే ఉన్నది. కిటికీ వెలుపల ఊచలకు వామాకు, పుదీనా, కలబంద కుండీలు వ్రేలాడుతున్నాయి. కిటికీ తెరిచే ఉంచుతున్నాడు. మొన్న వెళ్ళినపుడు చెంబుతో నేను కుండీవైపు నడవబోతుంటే కోడలు నవ్వుతూ, "మామయ్యగారూ, ముందు వేలు పెట్టి చూడండి" అన్నది. చూశాను. తడిగానే ఉన్నది.