పిల్లి మెడలో ఏం కట్టాలి?

పిల్లి మెడలో గంట కట్టేదెవరు అని సామెత. మా ఇంట్లో ఆ పని చేసింది నేనే. రెండేళ్ల కింద దసరా సెలవులకు మర్రిగూడ పోయినప్పుడు, మూడు నెలల పిల్లికూనకు నైలాన్ దారంతో మువ్వ కట్టి హాస్టల్‌కు వచ్చేశాను. సంక్రాంతికి పోయేసరికి పిల్లి పెరిగింది, దారం పెరగలేదు. వెంట్రుకల కింద కనిపించకుండా చర్మంలోకి దిగి చీము పట్టింది. పశువుల డాక్టరు గారు దాన్ని మెల్లగా కత్తిరించి తీస్తూ, "దూడకు కట్టినట్టు పిల్లికి కడతార్ర?" అన్నారు. ఆయన చెప్పినవీ, తర్వాత నేను చదివి తెలుసుకున్నవీ మిత్రులకు చెబుతున్నాను.

దూడ కట్టేసిన చోట ఉంటుంది. పిల్లి అలా కాదు. దాని భుజం దగ్గరి చిన్న ఎముక వేరే ఎముకలకు అతుక్కొని ఉండదు. అందుకే తల పట్టిన సందులో ఒళ్లంతా దూరుస్తుంది. సర్కారు తుమ్మ కంపలో దూరుతుంది, దడి మీదికి ఎక్కుతుంది. అక్కడ మెడపట్టీ కొమ్మకు తగులుకుంటే, గుంజుకున్నకొద్దీ ఊపిరాడక చనిపోవచ్చు.

కాబట్టి పిల్లికి కట్టే పట్టీ గట్టిదై ఉండకూడదు. వినడానికి వింతగా ఉంటుంది గానీ, గుంజితే ఊడిపోయేదే మంచి పట్టీ. పట్నం దుకాణాల్లో దొరికే పట్టీల్లో కొన్నింటికి మన స్కూలు బ్యాగు క్లిప్పు లాంటిది ఉంటుంది. నొక్కితేనే ఊడుతుంది. అది కుక్కలకు పనికొస్తుంది, పిల్లికి వద్దు. రెండు చేతులతో గట్టిగా గుంజితే దానంతటదే విడిపోయేది పిల్లుల కోసం వేరే ఉంటుంది. కొనేముందు గుంజి చూడాలి.

కట్టాక మెడకూ పట్టీకీ మధ్య రెండు వేళ్లు పట్టాలి. బిగువైతే ఏమవుతుందో పైన రాశాను. మరీ వదులైనా ప్రమాదమే, ముందు కాలో కింది దవడో అందులో ఇరుక్కుంటుంది. కూనకు వారం వారం చూసి వదులు చేయాలి. రబ్బరు బ్యాండు అసలే వేయకూడదు. కుక్కలకు గోమార్లు పోవడానికి మందు పట్టించిన పట్టీలు కూడా పిల్లికి వేయొద్దు. వాటిలో కొన్నింట్లో ఉండే పెర్మెత్రిన్ అనే మందు పిల్లులకు విషం.

ఇక మువ్వ సంగతి. గంట కట్టిన పిల్లులకు పిట్టలూ ఎలుకలూ తక్కువ చిక్కుతాయని ఇంగ్లండులో పరిశీలించి చెప్పారు. పిట్టలను కాపాడాలనుకునే వాళ్లకు అది మంచిదే. వడ్ల గుమ్మి దగ్గర ఎలుకలు పట్టడానికని పిల్లిని తెచ్చుకొని, దానికే మువ్వ కట్టిన నా తెలివిని ఏమనాలి!

పట్నంలో పిల్లి తప్పిపోతే పట్టీ మీది ఫోన్ నంబరు పనికొస్తుంది. ఊళ్లో ఏ పిల్లి ఎవరిదో అందరికీ తెలుసు. గుంజితే ఊడే పట్టీ దొరకకపోతే ఉత్త మెడే మేలు. ఇరుక్కున్న దారం తీసేటప్పుడు పిల్లి రక్కినా కరిచినా సబ్బుతో పావుగంట కడిగి, వెంటనే దవాఖానకు పోయి సూది వేయించుకోవాలి.

మా పిల్లి మెడలో ఇప్పుడు ఏమీ లేదు. దారం దిగిన చోట వెంట్రుకలు మాత్రం ఇంకా రాలేదు.