అద్దె ఇల్లు: ముంబయి నేర్పిన పాఠము

“ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు” అన్నారు పెద్దలు. వారు మహానగరమున అద్దె ఇంటికై తిరిగియుండినచో ఆ సామెతకు మూడవ మాట యొకటి చేర్చియుందురు. ఉద్యోగమునకై నగరము చేరిన యువకునికి పూటకూటి ఇంట అన్నము దొరకును; జీతమునకు తగిన గూడు దొరకుటయే దుర్లభము. ప్రభుత్వము చట్టము చేసి అద్దెలను పెరుగనీయకుండ ఆపరాదా అని విద్యార్థులకు తోచుట సహజము. ముంబయిలో ఆ పని జరిగినది. దాని ఫలితము తెలిసికొనదగినది.

ఆ నగరమున అద్దెలకు 1918లోనే కళ్ళెము వేయబడినది. పిమ్మట 1947లో వచ్చిన చట్టము 1940 సెప్టెంబరు 1వ తేదీనాటి అద్దెను ప్రమాణముగా గైకొని, తగిన కారణము లేక అద్దెదారును వెళ్ళగొట్టరాదని శాసించినది. ఆశయము ఉదాత్తము. నూలుమిల్లుల కూలీలు ఇరుకు గదులలో తలదాచుకొను కాలమది. వారిలో తెలుగు నేతపనివారును అనేకులు. కామాఠీపుర మను పేటకు ఆ పేరు తెలుగునాటినుండి వెళ్ళిన కామాటి పనివారి వలన వచ్చినదే. అట్టి కుటుంబములు రాత్రికి రాత్రి వీధిపాలు కాకుండ ఆ చట్టము అడ్డుపడినది.

అయితే అద్దె ఆగినది గాని కాలము ఆగలేదు. సున్నము ధర పెరిగినది. మేస్త్రీ కూలి పెరిగినది. వచ్చు అద్దె మరమ్మతునకు చాలనప్పుడు, కప్పు కారుచున్నను యజమాని కన్నెత్తి చూడడయ్యెను. శిథిలమగుచున్న పాత మేడల మరమ్మతుకై 1969లో ప్రభుత్వమే వేరొక చట్టము చేయవలసివచ్చినది. అద్దెకిచ్చుటకై ఇండ్లు కట్టువారును తగ్గిరి.

అప్పుడు ‘పగడీ’ ప్రబలినది. పగడీ అనగా తలపాగా. క్రొత్తగా చేరువాడు పెద్ద మొత్తమొకటి ముందుగా చెల్లించి అద్దెహక్కును కొనవలెను. పిదప నెలనెలకు ఇచ్చు అద్దె స్వల్పము. అతడు విడిచిపోవునపుడు ఆ హక్కును మరియొకనికి అమ్మును. అందులో యజమానికి భాగము ముట్టును. చట్టము దీనిని నేరమన్నను ఆచారము ఆగలేదు.

ఇందలి చిక్కు విద్యార్థులు గ్రహింపవలెను. అద్దెహక్కు అవసరమును బట్టి కాక, వచ్చిన తేదీని బట్టి దక్కినది. తాతల నాడు చేరిన ధనికుడు నామమాత్రపు అద్దెతో నిశ్చింతగా నుండెను. నిన్న వచ్చిన పేద గుమాస్తా పగడీ ఇచ్చుకొనలేక ఊరి పొలిమేరకు పోయెను. లోపలివానికి రక్షయైనదే వాకిట నిలిచినవానికి శిక్షయైనది.

కాలము మారినను 1940 నాటి అద్దెనే పట్టుకొనుట సమంజసము కాదని 1997లో సుప్రీంకోర్టు అభిప్రాయపడినది. 1999లో చేయబడి 2000లో అమలునకు వచ్చిన క్రొత్త చట్టము ఏటేటా నూటికి 4 వంతున అద్దె పెంచుటకు అనుమతించి, పగడీని కూడ గుర్తించినది.

అట్లని అద్దెదారునికి రక్షణయే వలదనరాదు. రక్షణ లేనిచో అతని బ్రతుకు యజమాని మాటపై వ్రేలాడును. కాని చట్టము ఉన్న ఇండ్లను పంచగలదే గాని, లేని ఇంటిని కల్పింపజాలదు. అదే ముంబయిలో 1920 దశకమున ప్రభుత్వము కట్టించిన బీడీడీ చాళ్ళు 207. ఒక్కొక్క గది వైశాల్యము 160 చదరపుటడుగులే, మరుగుదొడ్లు ఉమ్మడివి. అయినను అవి తరతరముల శ్రామికులకు నీడనిచ్చినవి.

ఉన్న ఇండ్లను అద్దెకు రప్పించుటయు ముఖ్యమే. 2011 జనాభా లెక్కలలో దేశపు పట్టణములలో కోటికి పైగా ఇండ్లు ఖాళీగా నున్నట్లు తేలినది. ఇచ్చిన ఇల్లు తిరిగి చేతికి రాదను భయము తాళము వేయించు కారణములలో ఒకటి. 2021లో కేంద్రము రూపొందించిన నమూనా అద్దె చట్టము ఆ భయమును పోగొట్టజూచుచు, నివాసగృహమునకు రెండు నెలల అద్దెకు మించి బయానా తీసికొనరాదన్నది. రాష్ట్రములు స్వీకరించిననే అది చట్టమగును.

అద్దె చట్టము మంచిదో కాదో తెలియవలెనన్న లోపల నున్నవానిని మాత్రమే అడిగిన చాలదు. పెట్టె చేతబట్టుకొని నేడే రైలు దిగినవానిని కూడ అడుగవలెను.