కొరివి దయ్యము – ఎగిరెడు పళ్లెము

అనకాపల్లి బెల్లమునకు పేరుగన్న పట్టణము. దాని చుట్టును శారదానది నీటితో తడియు వరిమళ్లు, చెఱకుతోటలు కలవు. ఇట్టి తెలుగు సీమలలో, రాత్రివేళ పొలము కాపునకు పోవు రైతులు కొరివి దయ్యమును గూర్చి చెప్పుకొనెడివారు. చీకటిలో దూరముగా నొక మంట కదలును, సమీపించినకొలది తొలగిపోవును, వెంబడించినవాడు దారి తప్పును. మండుచున్న కట్టెయే కొరివి గదా! దానిని చేతబట్టి దయ్యము తిరుగుచున్నదని వారు తలంచిరి. బురదలో ఆకులలములు క్రుళ్లగా పుట్టెడు వాయువు మండుటయే ఇందులకు కారణమై యుండునని శాస్త్రజ్ఞుల ఊహ.

1947 జూన్ 24వ తేదీన అమెరికాలో కెనెత్ ఆర్నాల్డ్ అను నతడు తన విమానమునుండి, రేనియర్ పర్వతము చెంత తొమ్మిది మెఱయు వస్తువులు అతివేగముగా పోవుట చూచెను. నీటిపై విసరిన పళ్లెము ఎగిరెగిరి పడునట్లు అవి కదలినవని చెప్పెను. అతడు చెప్పినది గమనమును గూర్చి. పత్రికలవారు దానిని ఆకారముగా మార్చి 'ఎగిరెడు పళ్లెములు' అని పేరిడిరి. పిమ్మట జనులకు ఆకాశమున పళ్లెములే కానవచ్చెను!

ఇట్టి వృత్తాంతములకును, ఐరోపా ప్రజల పూర్వపు భూతకథలకును గల పోలికలను జాక్ వాలే అను శాస్త్రజ్ఞుడు 1969లో ఒక గ్రంథమున చూపెను. చూచినవారందఱు అబద్ధమాడిరనుట న్యాయము కాదు. ఏదో వెలుగు వారికి కనబడియే యుండును. అదేమో తెలియక, తామెఱిగిన వస్తువు పేరే దానికి పెట్టిరి.

పళ్లెములని పలువురు భ్రమించినవానిలో శుక్రగ్రహ మొకటి. రాత్రి బండిలో పోవువానికి అది చెట్లమీదుగా తన వెంటనే వచ్చుచున్నట్లు తోచును; గ్రహము మాత్రము కోట్ల మైళ్ల దూరమున నుండును.