తోటలలోని యౌవనస్థుల సంఘములు నిలుచుట యెట్లు?



కొన్ని సంవత్సరముల క్రిందట నేనొక రబ్బరు తోటకు వెళ్లినప్పుడు ప్రార్థనమందిరము ప్రక్కనున్న చిన్న గదికి తాళము వేసియుండుట చూచితిని. అంతకు రెండేండ్లు ముందు అదే గదిలో నలువదిమంది పడుచువారు కూడి పాడుచుండగా నేను వినియుంటిని. కిటికీ సందున లోనికి చూడగా హార్మోని పెట్టెయు, రెండు కంజీరలును, గోడకు వ్రేలాడు సభ్యుల పట్టికయు కనబడెను. పట్టికమీద సాలెపురుగు గూడు కట్టియుండెను. తాళపుచెవి యెవరియొద్ద నున్నదని యడిగితిని. “నాయకుడు పట్టణమునకు పోవునప్పుడు జేబులో వేసికొని పోయినాడయ్యగారూ” అని యొక ముసలమ్మ చెప్పెను. ఆమె నవ్వుచు చెప్పెను గాని నాకు నవ్వు రాలేదు.

ఆ నాయకుడు చెడ్డవాడు కాడు. ఉజ్జీవ కూటములు జరిగిన వారములో అతని హృదయము కదలింపబడెను. పాటలు నేర్పినవాడు అతడే, రాత్రిబడి పెట్టినవాడు అతడే, ఇంటింట తిరిగి చందా వసూలుచేసి హార్మోని కొన్నవాడును అతడే. కూటమునకు దీపము వెలిగించుట మొదలుకొని ముగింపు ప్రార్థన చేయుటవరకు సమస్తమును అతడే చేయుచుండగా తక్కినవారు సంతోషముతో చూచుచుండిరి. పట్టణములో మంచి పని దొరికినప్పుడు అతడు వెళ్లుట తప్పని యెవరనగలరు? కాని అతడు వెళ్లిన నెలలోనే కూటములు నిలిచిపోయెను. చందా పుస్తకము కనబడలేదు. అతడు సొమ్ము తినెనని నేను చెప్పను. తినలేదని చూపుటకును ఒక్క కాగితమైనను లేకపోయెను. నిర్దోషియైన మనుష్యుని మీద గుసగుసలు పుట్టుటకు అంతకంటె ఏమి కావలెను?

ఆ సాయంకాలము ఒక తల్లి నాతో ఇట్లనెను: “మీ సంఘము నడచినన్నాళ్లు నా కొడుకు చీకటిపడు వేళకు ఎక్కడ నుండునో నాకు తెలియునయ్యా. ఇప్పుడు కల్లుదుకాణము మూసినతరువాతగాని ఇంటికి రాడు.” ఈ వ్యాసము ఆమెకు నేనియ్యవలసిన జవాబు. ఆనాడు ఇయ్యలేకపోతిని.

పడుచువారి ఉత్సాహము చల్లారుట మన తోటలలో మాత్రమే కలిగిన కష్టము కాదు. అమెరికా దేశములోని మెయిను రాష్ట్రమందు పోర్ట్‌లాండు అను పట్టణములో విల్లిస్టన్ సంఘమునకు ఫ్రాన్సిస్ క్లార్కు అను కాపరి యుండెను. 1881వ సంవత్సరపు చలికాలములో అక్కడ ప్రార్థనకూటములు జరుగగా అనేకమంది బాలబాలికలు విశ్వాసములోనికి వచ్చిరి. కాపరి సంతోషించెను గాని భయపడెను కూడ. ఈ పిల్లలు వచ్చు సంవత్సరము ఎక్కడ నుందురు అనునదే ఆయన భయము. ఫిబ్రవరి 2వ తేదీ సాయంకాలము వారిని తన యింటికి పిలిచి, భార్య ఫలహారము పెట్టగా, తాను వ్రాసిన నియమములను చదివి వినిపించెను. అప్పటికి ఆయనకు ఇరువది తొమ్మిదేండ్లు. క్రిస్టియన్ ఎండెవర్ సంఘము అట్లు పుట్టినది. పాతికేండ్లలో అది సముద్రములు దాటి లోకములోని అనేక దేశములకు వ్యాపించెను.

ఆ నియమములలో నాకు ముఖ్యముగా తోచినది ఏదనగా, కాపరి తనకొరకు పనిని కాక పిల్లలకొరకు పనిని వెదకెను. ప్రతి సభ్యుడును ప్రతి కూటములో పాటగాక మరియేదైన నొక భాగము తీసికొనవలెను. ఒక వాక్యము చదువుటయైనను, రెండు మాటల ప్రార్థనయైనను చాలును. పనులను చిన్న కమిటీలకు పంచియిచ్చిరి. ఒక కమిటీ ప్రార్థనకూటమును సిద్ధపరచును. ఇంకొకటి రానివారిని వెదకి, క్రొత్తవారిని తీసికొనివచ్చును. మరియొకటి స్నేహవిందులను చూచుకొనును. పువ్వుల కమిటీ యని యొకటి కలదు; వారు ఆదివారము మందిరములో పువ్వులుంచి, ఆరాధన ముగిసినతరువాత వాటిని రోగుల యిండ్లకు తీసికొనిపోవుదురు. ఇది చదివి నవ్వినవారిని నేనెరుగుదును. కాని పదునాలుగేండ్ల బిడ్డ చేతిలో పువ్వులుంచి మంచముపట్టిన ముసలివాని గడపకు పంపినయెడల ఆ బిడ్డ అక్కడ నేర్చుకొనునది మనము పది ప్రసంగములలో నేర్పజాలము.

నెలకొకమారు సమర్పణకూటమున పేర్లు పిలువబడును. రాలేనివాడు వర్తమానము పంపవలెను. కారణము చెప్పక వరుసగా మూడు మారులు తప్పినవాని పేరు పట్టికనుండి తీసివేయబడును. ఇందునుగూర్చి నా అభిప్రాయము దాచను. ఆదివారము తనదైన వానికి ఈ నియమము తగును. మేస్త్రి పిలిచినప్పుడు పోక తప్పని మన పిల్లలకు ఇంత కఠినము తగదు. పేరు తీసివేయుటకంటె, పేరు పిలిచినప్పుడు పలుకనివాని యింటికి ఆ సాయంకాలమే ఇద్దరు పోయి, “తమ్ముడా, ఏల రాలేదు?” అని యడుగుట మేలు. పేర్లు పిలుచుట మాత్రము మానరాదు. లెక్కించనిది తప్పిపోయినను మనకు తెలియదు.

“అది పట్టణము, మాది తోట, మాకు చదువుకొన్నవారు ఎక్కడ?” అని కొందరందురు. వారు మనవంటివారే యున్న మరియొక చోటును తలంచుకొనవలెను. దక్షిణ ఆఫ్రికాలోని నేటాలు సీమకు 1860వ సంవత్సరము నవంబరు 16వ తేదీన ట్రూరో అను ఓడ మద్రాసునుండి కూలీలను తీసికొనిపోయెను. అది మొదలు 1911వరకు మన దేశపు జనులు ఐదేండ్ల ఒప్పందముల మీద అక్కడి చెరకు తోటలకును తేయాకు తోటలకును పోవుచుండిరి. వారిలో తెలుగు బాప్తిస్టు కుటుంబములు కలవు. వారికొరకు 1903లో తెలుగు క్రైస్తవుల స్వంత హోమ్ మిషను సొసైటీ జాన్ రంగయ్యగారిని పంపెను. కీర్స్నీ అను తేయాకు తోటలో ఆ సంవత్సరమే సంఘము కట్టబడెను. సెలవుచీటి లేనిదే తోట దాటరాని కాలమది. తోటకు తోటకు దూరము చాల; ఒక్క కాపరి ప్రతి ఆదివారము ప్రతిచోట నుండజాలడు. ఆయన లేని ఆదివారములలో ప్రార్థన నడిపినది ఎవరు? వారమంతయు ఆకు కోసిన చేతులే గదా. రంగయ్యగారు 1915లో మరణించిరి. ఆ తరువాత కలహములును చీలికలును కలుగకపోలేదు. అయినను పని ఆయనతోకూడ సమాధిలోనికి పోలేదు. ఆ ప్రాంతమున భారతీయ బాప్తిస్టు సంఘములు నేటికిని కలవు. వారి పిల్లల నోట తెలుగు చాలవరకు ఇంగ్లీషునకు చోటిచ్చినది. అది వేరొక దుఃఖము, దానినిగూర్చి మరియొకప్పుడు వ్రాసెదను.

సంఘము నిలుచుట మాత్రమే చాలదు. అది ఆరోగ్యముగా నుండవలెను. చెడ్డదియు చాలకాలము నిలువవచ్చును. షిలోహులోని మందిరమును తలంచుకొనుడి. ఏలీ కుమారులు జనుల బలిమాంసమును బలవంతముగా తీసికొనుచుండిరి. గుడారపు ద్వారమునొద్ద సేవచేయు స్త్రీలయెడల పాపము చేయుచుండిరి. ఊరంతయు చెప్పుకొనెను. తండ్రి మందలించెనే గాని వారిని ఆ పనినుండి తీసివేయలేదు. అదే మందిరములో, అదే కాలమున, బాలుడైన సమూయేలు పెరుగుచుండెను! అతనికి కీడు కలుగకుండుటకు దేవుని కృపయే కారణమని ఒప్పుకొందము. అయితే హన్నా చేసినదానిని కూడ మరువకూడదు. ఆమె ప్రతి సంవత్సరము చిన్న అంగీ కుట్టి తెచ్చెను. పెరుగుచున్న పిల్లవానికి నిరుటి కొలత సరిపోదని తల్లులందరు ఎరుగుదురు. ఆమె వచ్చి చూచుచునే యుండెను. బిడ్డను దేవునికిచ్చితిని, ఇక నాకేల యని ఇంట కూర్చుండలేదు.

కావున తలిదండ్రులారా, యౌవనస్థుల కూటము పిల్లల వ్యవహారమని విడిచిపెట్టకుడి. నెలకు ఒకమారైనను వెనుక చాపమీద వచ్చి కూర్చుండుడి. పెద్దవాడెవడును, ఉపదేశియైనను, పాటలు నేర్పువాడైనను, ఒక్క బిడ్డతో తలుపు మూసిన గదిలో నుండకూడదు. ఇద్దరు పెద్దలుండవలెను, తలుపు తెరచియుండవలెను. ఆడపిల్లల కూటమును నమ్మకమైన స్త్రీలు నడిపింపవలెను. పొద్దు గూకిన తరువాత కూటమైనయెడల పిల్లలు గుంపుగా, తమ లైను ఇండ్లవరకు ఒక పెద్దతో పోవలెను. నాయకునిమీద ఒక బిడ్డ ఫిర్యాదు చెప్పినయెడల, “సంఘమునకు చెడ్డపేరు వచ్చును, ఊరకుండుము” అని నోరు మూయకుడి. విచారణ ముగియువరకు అతనిని ఆ పనినుండి తప్పించుడి. నేరము కనబడినయెడల సర్కారు అధికారులకు తెలుపుడి. ఈ మాట వ్రాయుట నాకు ఇష్టము లేదు. ఏలీ కాలమునుండి ఇష్టము లేకయే దీనిని చాలమంది వ్రాయక విడిచిరి.

సొమ్మును గూర్చి రెండు మాటలు చాలును. ఒకడు వసూలుచేయవలెను, వేరొకడు పుస్తకము వ్రాయవలెను. నెలకొకమారు అందరియెదుట లెక్క గట్టిగా చదువవలెను, అది మూడు కాసులైనను సరే.

ఆడపిల్లలనుగూర్చి ఇంకొక మాట చెప్పుట మరచితిని. అనేక తోటలలో వారు పాడుటకును, ఊడ్చుటకును, టీ కాచుటకును పిలువబడుదురు. పనులు పంచుకొను వేళ వారి పేర్లు పలుకువారు లేరు. తిమోతి విశ్వాసము మొదట అవ్వయైన లోయిలోను తల్లియైన యునీకేలోను ఉండెనని పౌలు గుర్తుచేసికొనెను గదా. లోయిని టీ కాచుటకు మాత్రమే ఉంచియుండినయెడల తిమోతి ఎక్కడనుండి వచ్చును?

మొదట చెప్పిన తోటకు నేను తిరిగి వెళ్లితిని. ఈమారు ఎవరును గొప్ప నాయకుని కొరకు వెదకలేదు. తాళము విరుగగొట్టి, గది తుడిచి, పదునొకండుమంది కూర్చుండిరి. మునుపు నలువదిమంది, ఇప్పుడు పదునొకండుమందియే. అయినను పదునొకండుమందికిని పదునొకండు పనులు పంచబడెను. పాలు గీయు పని మధ్యాహ్నమునకు ముగియును గనుక కూటము మూడు గంటలకు పెట్టుకొనిరి. ప్రతి పనికిని ప్రక్కన చిన్నవాడొకడు నేర్చుకొనుటకు ఉండవలెనని నియమము చేసికొనిరి. ఆరు మాసములకు పనులు మారును. మొదటి నెలలు చూచుటకు అంత అందముగా లేవు. ప్రార్థన నడుపవలసిన పిల్లవాడు రెండు మాటలు పలికి నిలిచిపోయెను. లెక్క చదివిన బాలిక రెండుమారులు తప్పు కూడెను. వెనుకటి నాయకుడైతే ఇవన్నియు ఎంత చక్కగా చేసియుండునో అని ఒక పెద్దాయన నా చెవిలో గొణిగెను. నిజమే, చేసియుండును.

కల్లుదుకాణమునుగూర్చి నాతో మాటలాడిన తల్లి కొడుకు ఆ పదునొకండుమందిలో ఉండెను. ప్రతివారము వచ్చుచున్నాడని చెప్పజాలను. రాని వారము మాత్రము ఇద్దరు అతని గుమ్మమునొద్దకు పోవుచున్నారు. ఆ యిద్దరిలో ఒకడు, తాను వచ్చిన వారములలో, మరియొకని గుమ్మమునొద్దకు అతనినే వెంటబెట్టుకొని పోవుచున్నాడు.

హార్మోని పెట్టెకు క్రొత్త తాళము కొనిరి. దానికి రెండు తాళపుచెవులు. ఒకటి ఆ నవ్విన ముసలమ్మ కొంగున ముడివేసియున్నది. రెండవది ఈ ఆరు మాసములు పదునారేండ్ల పిల్లయొద్ద నున్నది. వచ్చు ఆరు మాసములు ఎవరియొద్ద నుండవలెనో గోడమీది పట్టికలో వ్రాసియున్నది.