వర్షారణ్యములలో మొలకల మనుగడ

ఉష్ణమండల వర్షారణ్యమున నేలపై మొలకలు విస్తారముగా కానవచ్చును. వానిలో మహావృక్షములగునవి బహు స్వల్పము. తక్కినవి నశించుటకు గల కారణములను తెలిసికొన్నగాని అడవిని కాపాడు విధము బోధపడదు.

మొదటి కారణము వెలుతురు కొరత. పైన కొమ్మలు పందిరివలె అల్లుకొని యుండుటచే నేలకు చేరు సూర్యకాంతి సాధారణముగా నూటికి ఒకటి రెండు పాళ్లు మాత్రమే. పెద్ద గింజల నుండి పుట్టిన మొలకలు గింజలోని ఆహారపు నిలువచే కొంతకాలము నీడను ఓర్చుకొనగలవు. కొన్ని జాతుల మొక్కలు ఏండ్ల తరబడి ఎదుగుబొదుగు లేక నిలిచి, ముసలి చెట్టొకటి కూలి పందిరికి చిల్లు పడినపుడు త్వరితముగా పెరుగును.

రెండవది నీటి ఎద్దడి. లేత వేళ్లు లోతునకు పోజాలవు గనుక, వానలు వెనుకబడినచో మొలకలు ముందుగా వాడును. పైనుండి విరిగిపడు కొమ్మలును, మేయు జంతువులును మరికొన్నింటిని చంపును.

మూడవ కారణము వింతయైనది: తల్లిచెట్టు సామీప్యము. ఒక జాతిని ఆశించు పురుగులును, బూజు తెగుళ్లును ఆ జాతి చెట్టు చుట్టునే పోగగుననియు, అందుచే దూరముగా పడిన విత్తునకే బ్రతుకు హెచ్చనియు 1970లో డేనియల్ జాన్‌జెన్, 1971లో జోసెఫ్ కానెల్ వేర్వేరుగా ప్రతిపాదించిరి. పనామా దేశమందలి బారో కొలరాడో ద్వీపమున కరోల్ ఆగ్‌స్పర్గర్ జరిపిన పరిశీలనలు దీనికి బలము చేకూర్చినవి. అచ్చట తల్లిచెంత నీడలో మొలచినవి, మన రైతులు నారుమళ్లలో నెరిగిన నారుకుళ్లు తెగులు వంటి దానిచే అధికముగా చచ్చినవి. బెలీజ్ దేశపు అడవిలో బూజును చంపు మందు చల్లగా మొలకలలో జాతివైవిధ్యము తగ్గినదని 2014లో ప్రకటింపబడినది. అనగా ఏ ఒక్క జాతియు తన చుట్టుపట్ల నేలనంతను ఆక్రమింపకుండ తెగుళ్లే అడ్డుపడుచున్నవి. ఆ సందులలో ఇతర జాతులు చోటు చేసికొనుచున్నవి.

కర్ణాటక, తమిళనాడులలో నివసించు తెలుగువారికి ఇది దూరదేశపు వార్త మాత్రమే కాదు. వారి చెంతనే పశ్చిమ కనుమలలో వర్షారణ్యములు గలవు. అచ్చట హార్న్‌బిల్ అను పెద్దముక్కు పక్షులు పండ్లను మ్రింగి, విత్తులను తల్లిచెట్టునకు దూరముగా విడుచును. అట్టి పక్షులు నశించినచో పెక్కు విత్తులు తల్లి క్రిందనే రాలి తెగుళ్లపాలగును. చెట్లు పైకి పచ్చగానే కనిపించును గాని వాని తరువాతి తరము క్షీణించును.

తమిళనాడునందలి వాల్పారై ప్రాంతమున తేయాకు తోటల నడుమ మిగిలిన అడవి తునుకలలో పలు స్థానిక జాతుల మొక్కలను కలిపి నాటుచున్నారు. ఇదియే సరియైన మార్గము. ఒకే జాతిని బారులు తీర్చి నాటినచో తోట యగును గాని అడవి కానేరదు. చెట్టుతోబాటు దాని విత్తును మోయు పక్షినిగూడ కాపాడవలెను.