సాక్షి గణపతి పద్దులో జంటలు

శ్రీశైలం ఇంకా ఎనిమిది కిలోమీటర్లు ఉందనగా శిఖరేశ్వరం దగ్గర బండ్లు ఆగుతాయి. మెట్లెక్కి పైకి పోతే చిన్న రాతి నంది. చుట్టూ నువ్వులు పోసి, నందిని పట్టుకుని మెల్లగా తిప్పుతూ, రెండు కొమ్ముల సందులోంచి దూరాన ఉన్న మల్లన్న గుడి శిఖరాన్ని వెతుక్కోవాలి. కనపడితే ఇక మళ్లీ జన్మ లేదని నమ్మకం. కొత్తగా పెళ్లయిన జంటలో ముందు ఆమె వంగి చూస్తుంది, తర్వాత అతను.

“కనపడిందా?”

“ఉండు, యాడుందో సూస్తాండా.”

వెనకున్నవాళ్లు తొందరపెట్టేసరికి “ఆ, కనపడిందిలే” అని లేచేస్తాడు. నిజంగా కనపడిందా, మొహమాటానికి అన్నాడా అన్న తగవు ముప్పై ఏళ్ల తర్వాత మనవళ్ల ముందు కూడా తేలదు. ఏడేడు జన్మలకూ నువ్వే అని పెళ్లిలో అనిపించుకున్నవాళ్లు, నెల తిరక్కుండా మళ్లీ జన్మే వద్దని కోరుకోవడానికి కలిసి ఎక్కే కొండ ఇది. ఆ తిరకాసు ఎవరికీ పట్టదు. పట్టాల్సిన అవసరమూ లేదు. వాళ్లు వచ్చింది నిజంగా మోక్షం కోసమేనా అన్నది వేరే సంగతి.

నంద్యాల, ఆళ్లగడ్డ, ఆత్మకూరు వైపు పెద్దవాళ్ల ఇళ్లలో పాత ఆల్బం తెరిస్తే జంటగా తీయించుకున్న తొలి ఫొటోలు తరచుగా ఇలాంటి చోట్లవే. పాతాళగంగ రేవు, మహానంది కోనేటి గట్టు, అహోబిలం మెట్లు. ‘హనీమూన్’ అన్న మాట ఇంట్లో పెద్దల ముందు పలకలేని రోజుల్లో ‘మొక్కుంది, శ్రీశైలం పోయొస్తాం’ అనడం తేలిక. ఆ మాటకు అత్తగారు అడ్డు చెప్పదు, మామగారు ఖర్చు లెక్క అడగడు. మల్లన్న ఆ రకంగా ఎన్ని వేల జంటలకు సాకయ్యాడో!

ముందు ఎండ సంగతి చెప్పుకోవాలి. చలిదేశాల వాళ్లు సెలవు దొరికితే ఎండను వెతుక్కుంటూ పోతారు. ఫ్రాన్సు దక్షిణ తీరంలోని రివియెరాకు మొదట్లో ధనవంతులు చలికాలంలోనే వెళ్లేవాళ్లు. వేసవిలో ఇసుక మీద పడుకుని ఒళ్లు కాచుకోవడం ఫ్యాషన్ అయింది 1920ల్లోనే. ఏప్రిల్, మే నెలల్లో 45 డిగ్రీలు చూసే నంద్యాల మనిషికి ఆ సరదా అర్థం కాదు. ఎండ ఇక్కడ వద్దన్నా వాకిట్లోకి వచ్చి కూర్చుంటుంది. కాబట్టి ఈ నేల మీద వేసవి విడిది అంటే నీళ్లు, నీడ. ఆ రెండూ గుళ్ల దగ్గరే ఉన్నాయి. నంద్యాలకు పదిహేను కిలోమీటర్ల దూరంలో, నల్లమల అంచున ఉన్న మహానందిలో ఊట ఎండాకాలమూ ఆగదు. అడుగున పడిన నాణెం పైకి కనపడేంత తేటగా ఉంటాయి ఆ నీళ్లు. బయటికి పారి చుట్టుపక్కల అరటితోటలను తడుపుతాయి. రోహిణి కార్తెలో ఆ కోనేట్లో మెడ దాకా దిగి నిలబడిన జంటకు ఏ సముద్రతీరమూ గుర్తురాదు.

ముహూర్తాలు కూడా ఎండలోనే. మాఘ ఫాల్గుణాల్లో కొన్ని, వైశాఖ జ్యేష్ఠాల్లో మరికొన్ని పెళ్లిళ్లు. పదహారు రోజుల పండగ, వ్రతం, విందులు అయ్యేసరికి ఆషాఢం తరుముకొస్తుంది. ఆషాఢంలో కొత్త కోడలు పుట్టింట్లో ఉండాలి. అంటే మే నెలలో పెళ్లయిన జంటకు చేతిలో మిగిలేది పది పదిహేను రోజులు. బస్సెక్కడానికి అంతకంటే మంచి సమయం దొరకదు మరి.

ఆత్మకూరు, దోర్నాల మీదుగా వచ్చే బస్సు ఘాట్ ఎక్కేసరికి చీకటిపడుతుంది. కొండమీద దిగాక గది. పూర్వం హోటళ్లెక్కడివి, సత్రాలే దిక్కు. కరివేన సత్రం పేరు తెలియనివాళ్లు తక్కువ. దాదాపు ప్రతి కులానికీ ఒక సత్రం ఉంది. ఎవరి సత్రంలో వాళ్లకే గది అన్న పద్ధతిని మెచ్చుకోవలసిన పనిలేదు గానీ, ఇంకో పద్ధతి మాత్రం కొత్త జంటలకు కలిసొచ్చేది. యాత్రా స్థలాల్లో చాలా సత్రాలు ఒంటరిగా వచ్చిన మనిషికి గది ఇవ్వడానికి వెనకాడతాయి. ఆలుమగలైతే తాళంచెవి వెంటనే చేతిలో పెడతాయి. 1981లో జమైకా దీవిలోని మాంటెగో బేలో ‘శాండల్స్’ అనే రిసార్టు తెరిచి, జంటల కోసమే ప్రత్యేకమని ప్రచారం చేసుకుంటే లోకమంతా అదేదో కొత్త ఆలోచన అనుకుంది. శ్రీశైలం సత్రాల గుమస్తాలు అది విని ఉంటే నవ్వేవాళ్లు. తేడా అల్లా అక్కడ పట్టుపరుపులు, ఇక్కడ చాప, ఒక బకెట్టు.

తర్వాత పర్యాటక సంస్థ విడిది వచ్చింది. ‘పున్నమి’ అన్న పేరుతో మొదలై ‘హరిత’గా మారింది. ఆల్బంలో వెనక పున్నమి బోర్డు కనపడితే ఆ ఫొటో ఏ కాలంనాటిదో ఇట్టే చెప్పేయవచ్చు.

సున్నిపెంట కథ మాత్రం వేరు. గుడికి పన్నెండు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ ఊరు ప్రాజెక్టు కోసం పుట్టింది. 1963లో నెహ్రూ శ్రీశైలం ఆనకట్టకు శంకుస్థాపన చేశారు. పన్నెండు గేట్ల కట్ట పూర్తయ్యేసరికి ఇరవై ఏళ్లు గడిచాయి. ఆ ఇరవై ఏళ్లూ రాష్ట్రం నలుమూలల నుంచి ఇంజినీర్లు, ఓవర్సీర్లు, మేస్త్రీలు, కూలీలు వచ్చి అడవి మధ్య క్వార్టర్లలో కాపురాలు పెట్టారు. వాళ్లకు సెలవుల్లో ఎక్కడికీ పోయే పనిలేకుండా పోయింది. కారణం, బంధువులంతా వీళ్ల ఇంటికే వచ్చేవారు! ‘సున్నిపెంటలో మావాళ్లున్నారు’ అన్న ఒక్క మాట చాలు, తమ్ముడూ కొత్త మరదలూ ఒక వారం, మేనకోడలూ అల్లుడూ ఇంకో వారం. రెండు గదుల క్వార్టరులో కొత్త జంటకు లోపలి గది అప్పజెప్పి, ఇంటాయన ఆరుబయట నులకమంచం వేసుకునేవాడు. పొద్దున దర్శనం, మధ్యాహ్నం పడక, సాయంత్రం డ్యాం చూడడం. ఇంటిల్లాలికి మాత్రం మూడు పూటలా పొయ్యి దగ్గరే కాలం గడిచేది. ఊరందరి విహారయాత్రలకూ తాను వండిపెట్టిన ఆ ఇల్లాలు తన భర్తతో కలిసి ఎన్నిసార్లు పడవెక్కిందో లెక్క తీస్తే, ఆ లెక్క అంత బాగుండకపోవచ్చు.

కొండ మీద నీచు కూడదు. కాబట్టి మాంసాహారులు దర్శనం ముగించుకుని, డ్యాం దిగువన లింగాలగట్టుకు వచ్చేస్తారు. కృష్ణలో పుట్టి వేసుకుని వలలు లాగే కుటుంబాల ఊరది. అక్కడి చేపల వేపుడు తిన్నవాళ్లు మల్లన్న దర్శనం గురించి నాలుగు మాటలు చెప్పి, చేప గురించి పది చెబుతారు.

పాతాళగంగకు ఇప్పుడు రోప్‌వే ఉంది. పాత జంటలకు మాత్రం మెట్లే గుర్తు. దిగేటప్పుడు చెయ్యి పట్టుకోవడానికి సిగ్గు, ఎక్కేటప్పుడు పట్టుకోక తప్పని ఆయాసం. ఆ మెట్ల వెనక కూడా ఒక జంట ఉంది. విజయనగర చక్రవర్తి రెండో హరిహరరాయలు గుడికి ముఖమండపం కట్టిస్తే, ఆయన రాణి విఠలాంబ పధ్నాలుగో శతాబ్దం చివర్లో ఈ రేవుకు మెట్లు కట్టించింది. రాజుగారి చూపు దేవుడి మీద, రాణిగారి చూపు యాత్రికుల కాళ్ల మీద.

రేవు నుంచి పడవలో ఎగువకు పోతే అక్కమహాదేవి గుహలు. పన్నెండో శతాబ్దపు ఈ కన్నడ కవయిత్రి చెన్నమల్లికార్జునుడినే మొగుడనుకుని ఒంటరిగా ఈ అడవికి నడిచొచ్చింది. ఆమె తపస్సు చేసిన చీకటి గుహలోకి వంగి వంగి, సెల్‌ఫోన్ లైటు వేసుకుని వెళ్లేవాళ్లలో కొత్త జంటలు తక్కువేం కాదు. ఇరుకు దారి, జారే బండ. భయపడ్డానని చెప్పి భుజం పట్టుకోవడానికి అనువైన చోటే.

అసలు ఈ అడవి దేవుళ్లకే జంటల పిచ్చి ఉంది. శ్రీశైలం మల్లన్న చెంచుపిల్లను మనువాడి చెంచుమల్లయ్య అయ్యాడు. ఆళ్లగడ్డకు పాతిక కిలోమీటర్ల దూరంలోని అహోబిలంలో నరసింహుడూ చెంచులక్ష్మిని కట్టుకున్నాడు. 1958లో అక్కినేని, అంజలీదేవి నటించిన ‘చెంచులక్ష్మి’ సినిమాతో ఆ కథ ఊరూరికీ చేరింది. ఏటా కనుమ నాడు అహోబిలేశుడు పల్లకీ ఎక్కి, తన పెళ్లికి రమ్మని పిలవడానికి నలభై రోజులకు పైగా చుట్టుపక్కల పల్లెలన్నీ తిరుగుతాడు. పార్వేట అంటారు దాన్ని. ఇంటింటికీ శుభలేఖ పంచే మగపెళ్లివారు ఎక్కడైనా ఉంటారు, స్వయంగా పెళ్లికొడుకే పంచేది ఇక్కడ. శ్రీశైలమూ తక్కువేమీ కాదు. శివరాత్రి రాత్రి పెళ్లికొడుకు మల్లన్నకు గర్భాలయ విమానం మీద తలపాగా చుడతారు. ఆ వస్త్రాన్ని నేతన్న రోజుకో మూర చొప్పున ఏడాది పొడవునా నేస్తాడు. ఇంత పెళ్లిసందడి ఉన్న కొండలకు కొత్త దంపతులు రాక ఇంకెక్కడికి పోతారు?

తిరుగు దారిలో సాక్షి గణపతి. ఒక చేత్తో గంటం, ఒక చేత్తో పుస్తకం పట్టుకుని కూర్చున్న ఈయన శ్రీశైలం వచ్చిపోయినవాళ్ల పేర్లు రాసుకుంటాడని, కైలాసంలో సాక్ష్యం చెబుతాడని నమ్మకం. అందుకే జనం ఆయన ముందు పేరూ గోత్రమూ చెప్పుకుంటారు. మెట్టినింటి గోత్రం ఆమె తొలిసారి బయటివాళ్ల ముందు పలికేది చాలాసార్లు ఇక్కడే. తడబడి పుట్టింటిది చెప్పేసి నాలిక కరుచుకోవడం, అతను నవ్వడం. 36 ఫొటోల రీలును పొదుపుగా వాడుకున్న రోజుల్లో ఈ సన్నివేశానికి కెమెరా ఎవరూ తియ్యలేదు. రీలు అప్పటికే డ్యాం వెనకాల, రేవులో, బస్సు పక్కన అయిపోయి ఉండేది. ఆ ఒక్క ముచ్చటా గణపతి పుస్తకానికే మిగిలింది.

వాళ్ల పిల్లల దారి వేరే. నంద్యాల స్టేషన్లో అమరావతి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే రైలు మారకుండా గోవా. గుంతకల్లు, బళ్లారి, హుబ్బళ్లి దాటి, పశ్చిమ కనుమల్లో దూధ్‌సాగర్ జలపాతం పక్కనుంచి దిగి వాస్కో చేరుతుంది. కాస్త జీతం పెరిగినవాళ్లు మాల్దీవులు, బాలి. మాల్దీవుల్లో తొలి రిసార్టు 1972లో మొదలైంది, సున్నిపెంటలో ఇంకా కాంక్రీటు పోస్తున్న రోజుల్లో. అక్కణ్నుంచి వచ్చే ఫొటోలకు లెక్కలేదు, ఒక్కరోజుకే నాలుగొందలు. అయినా విమానం దిగి ఇంటికొచ్చాక అమ్మ అడిగే మొదటి ప్రశ్న మారలేదు: “శ్రీశైలం ఎప్పుడు పోతారు?” ఇంతకుముందు దేవుడు సాకు, సెలవు అసలు పని. ఇప్పుడు సెలవు దానికదే నిలబడగలదు, దేవుడికి వేరే తేదీ ఇస్తున్నారు.

అడవినే కోరుకునేవాళ్లకు ఆత్మకూరు దగ్గర బైర్లూటిలో, నంద్యాల–గిద్దలూరు దారిలో పచ్చర్లలో అటవీశాఖ విడిదులున్నాయి. గుడారం, జీపు సవారీ. దేశంలోకెల్లా పెద్ద పులుల అభయారణ్యం ఇది. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా ఘాట్ రోడ్డు గేటు మూసేస్తారు. నిమిషం ఆలస్యమైతే గేటు దగ్గరే కారులో తెల్లవార్లూ కూర్చోవాలి. ‘నువ్వు చీర మార్చుకోవడం వల్లే’, ‘మీరు టీకి ఆపడం వల్లే’ అనే వాదన మొదలయ్యేది అక్కడే.

ఇంకొక్క చోటు మిగిలింది. కొత్తపల్లె మండలంలో కృష్ణ ఒడ్డున సంగమేశ్వరం. తుంగ, భద్ర, కృష్ణ, వేణి, మలాపహారిణి, భీమరథి, భవనాశి, ఏడు నదులు కలిసేచోటు. మిగతావన్నీ ఆడపేర్లే, భవనాశి ఒక్కడే మగవాడని స్థానికులు నవ్వుతూ చెబుతారు. శ్రీశైలం జలాశయం నిండితే ఈ గుడి నీళ్లలో మునిగిపోతుంది. వేసవిలో నీళ్లు తగ్గితేనే బయటపడుతుంది. ఏ రిసార్టూ ఇంత కచ్చితంగా ఎండాకాలానికి మాత్రమే తలుపులు తెరవదు. లోపల వేపమానుతో చేసిన శివలింగం. ఇన్నేళ్లుగా నీళ్లలో నాని కూడా అది చెక్కుచెదరలేదంటారు.

1981 వేసవిలో ముంపు కోసం సుమారు వంద ఊళ్లు ఖాళీ చేయించారు. ఆ ఊళ్లలో కాపురం పెట్టిన జంటల్లో బతికున్నవాళ్లు ఇప్పుడు అరవై దాటినవాళ్లు. మే నెలలో మట్టి బయటపడినప్పుడు వాళ్లు సంగమేశ్వరం దర్శనానికి వచ్చి, బీటలు వారిన నేల మీద నిలబడి, ఈడ బావి, ఆడ మన వాకిలి అని చేతులు చూపించుకుంటారు. పక్కనే టోపీ పెట్టుకున్న కొత్త జంట సెల్ఫీ తీసుకుంటుంటుంది. జూలై దాటి ఎగువ నుంచి వరద మొదలవగానే నీళ్లు మెట్లు, గర్భగుడి ఎక్కి, చివరికి శిఖరం మొన మిగులుతుంది. పూజారి పడవలో వచ్చి, ఆ మొనకు పసుపు కుంకుమ పెట్టి, హారతిచ్చి, పడవ వెనక్కి తిప్పుకుంటాడు.